రాయితీ పేదోడి పేర, పెత్తనం దళారీ చేత

ఇల్లు లేని కుటుంబానికి సర్కారు వడ్డీ రాయితీ ఇస్తుంది. బ్యాంకు అప్పు ఇస్తుంది. ఈ రెండింటి నడుమ మూడో మనిషి ఒకడున్నాడు. ఏ జీవోలోనూ అతని పేరుండదు. కానీ ఏ బస్తీలో అడిగినా 'నువ్వు పోతే పని కాదు, ఫలానా అన్నను కలువు' అంటారు. ఈ అన్న ఎక్కడి నుంచి పుట్టుకొచ్చాడు? ఆయన చెయ్యి పడందే ఇంటి లోను ఎందుకు కదలదు? ఇది అడగకుండా దళారీని నాలుగు తిట్లు తిట్టి ఊరుకుంటే లాభం లేదని మేం అనుకుంటున్నాం.

నెల జీతం వచ్చే ఉద్యోగికి ఈ అన్నతో పెద్దగా పని పడదు. పే స్లిప్పులు, ఫారం 16, బ్యాంకు స్టేట్‌మెంటు పట్టుకుపోతే మేనేజరే కుర్చీ చూపిస్తాడు. ఆటో నడిపేవాడు, తాపీ మేస్త్రీ, కర్రీపాయింట్ నడిపే ఆమె సంగతి వేరు. వాళ్లకూ సంపాదన ఉంది. నెలనెలా కిరాయి కడుతూనే ఉన్నారు. లేనిదల్లా ఆ సంపాదనను చూపించే కాగితం. జాగ సంగతి ఇంకా అధ్వానం. గ్రామకంఠంలో తాతల నాటి ఇంటికి చాలాచోట్ల రిజిస్ట్రేషన్ పత్రమే ఉండదు. నోటరీ మీద కొన్న ప్లాటు బ్యాంకు కంటికి ప్లాటే కాదు. అనుమతి లేని పంచాయతీ లేఅవుట్‌లో కొన్నది ఎల్ఆర్ఎస్ కానిదే వకీలు ఒపీనియన్ దగ్గరే ఆగిపోతుంది. 2020లో ఆ ఎల్ఆర్ఎస్ కోసం డబ్బు కట్టి దరఖాస్తు పెట్టి ఏండ్ల తరబడి ఎదురుచూసిన వాళ్లు మన దగ్గర లక్షల్లో ఉన్నారు.

దళారీ బతికేది ఈ సందులోనే. అతను అమ్మేది అప్పు కాదు, కాగితం. ఆదాయం రుజువు లేకుంటే రెండేండ్లకో మూడేండ్లకో ఐటీ రిటర్నులు వేయిస్తాడు. అందులో ఎంత ఆదాయం రాశారో సంతకం పెట్టినవాడికే తెలియదు. రేపు తేడా వస్తే జవాబు చెప్పాల్సింది మాత్రం ఆ సంతకమే. ఒకే ఫైలును ఒకేసారి నాలుగైదు సంస్థలకు పంపిస్తాడు. ప్రతి విచారణా సిబిల్‌లో నమోదవుతుంది, స్కోరు దిగుతుంది. అప్పుడు 'నీ స్కోరు బాగాలేదన్నా, బ్యాంకులో కాదు, ప్రైవేటు ఫైనాన్స్‌లో చేద్దాం' అంటాడు. అక్కడ వడ్డీ ఎక్కువ. బీమా పాలసీ ఒకటి అప్పులోనే కలిపేస్తారు. దానికీ ఇరవై ఏండ్లు వడ్డీ కట్టాలి.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. డీఎస్ఏ అనే పేరుతో లోన్లు తెచ్చిపెట్టే ఏజెంట్లకు బ్యాంకులూ ఫైనాన్స్ కంపెనీలే కమీషన్ ఇస్తాయి. అప్పు ఎంత పెద్దదైతే కమీషన్ అంత. అంటే మీ తరఫున తిరుగుతున్నాడని మీరనుకునే మనిషి అవతలి వైపు నుంచి కూడా తీసుకుంటున్నాడు. రెండు చేతులా తీసుకునేవాడు మీకు చిన్న అప్పు, తక్కువ వడ్డీ ఎందుకు చూపిస్తాడు?

లెక్క చూద్దాం. ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ పథకం రెండో విడత 2024 సెప్టెంబర్ 1న మొదలైంది. ఏడాదికి 9 లక్షల దాకా ఆదాయం ఉండి, దేశంలో ఎక్కడా పక్కా ఇల్లు లేని కుటుంబానికి 25 లక్షల దాకా తీసుకున్న అప్పులో మొదటి 8 లక్షల మీద 4 శాతం వడ్డీ రాయితీ. మొత్తం కలిపి గరిష్ఠంగా 1 లక్షా 80 వేలు. ఇది ఒక్కసారి రాదు, ఐదు వార్షిక కిస్తీల్లో వస్తుంది. అంటే ఏడాదికి 36 వేలు. 20 లక్షల అప్పుకు దళారీతో రెండు శాతం మాట్లాడుకుంటే 40 వేలు. రాయితీ మొదటి కిస్తీ ఖాతాలో పడకముందే అంతకంటే ఎక్కువ పైకం చేతులు మారిపోయింది. అదీ నగదు, రసీదు లేకుండా.

దరఖాస్తు నింపడానికి పేదవాడికి ఒక మనిషి సాయం కావాలన్న సంగతి సర్కారుకు తెలియదా? తెలుసు. 2015లో వచ్చిన మొదటి విడత మార్గదర్శకాల్లోనే రాసుకున్నారు. మున్సిపల్ సిబ్బందో, ప్రభుత్వం గుర్తించిన స్వచ్ఛంద సంస్థో దరఖాస్తు పెట్టిస్తే, మంజూరైన ఒక్కోదానికి 250 రూపాయలు ఇవ్వాలని. 6 లక్షల లోపు అప్పుకు బ్యాంకు ప్రాసెసింగ్ ఫీజు తీసుకోవద్దని, దాని బదులు కేంద్రమే బ్యాంకుకు ఇంత అని ఇస్తుందని కూడా ఉంది. ఆ విడతలోని వడ్డీ రాయితీ భాగం 2022 మార్చి 31తో ముగిసింది. మీ మున్సిపాలిటీలో ఆ 250 రూపాయల మనిషి కూర్చున్న టేబుల్ మీరెప్పుడైనా చూశారా? మేం చూడలేదు. ఆ ఖాళీ కుర్చీలో వచ్చి కూర్చున్నవాడే దళారీ.

కాగితాలు సరిచూడటంలో బ్యాంకులు అంత కఠినంగా ఉంటాయి, ఏం చేస్తాం అనేవాళ్లకు ఒక కేసు గుర్తుచేయాలి. 2021 మార్చిలో డీహెచ్ఎఫ్ఎల్ ప్రమోటర్ల మీద సీబీఐ కేసు పెట్టింది. అందులోని ఆరోపణ ఏమిటంటే, ముంబైలో లేని ఒక బ్రాంచిని కాగితం మీద సృష్టించి, దాంట్లో 2 లక్షల 60 వేల దొంగ ఇంటి లోను ఖాతాలు తెరిచి, పేదల ఇంటి పథకం పేరు చెప్పి సుమారు 1,880 కోట్ల రాయితీకి లెక్క చూపారని. మేస్త్రీకి ఇల్లుంది, కాగితం లేదు కాబట్టి అప్పు లేదు. అక్కడ మనిషే లేడు, ఇల్లే లేదు, కాగితం మాత్రం నిక్షేపంగా ఉంది.

దళారీ కొత్తగా వచ్చినవాడేం కాదు. ఉమ్మడి రాష్ట్రంలో 2006లో మొదలైన ఇందిరమ్మ ఇళ్లలో ఇంటి బిల్లుల చుట్టూ ఏం జరిగిందో ఊరూరా తెలుసు. 2014లో సీఐడీ విచారణ దాకా పోయింది. రాష్ట్రం మారింది, పథకాల పేర్లు మారాయి. ఫైలు చంకలో పెట్టుకుని తిరిగే మనిషి మారలేదు.

నిజానికి రూల్స్ మన పక్షానే ఉన్నాయి. అప్పు మంజూరు చేసే నిర్ణయాన్ని బయటివాళ్లకు అప్పజెప్పకూడదని రిజర్వు బ్యాంకు 2006లోనే బ్యాంకులకు చెప్పింది. ఎంత అప్పుకైనా దరఖాస్తు తిరస్కరిస్తే ముఖ్య కారణాలు రాతపూర్వకంగా ఇవ్వాలని 2007లో చెప్పింది. 2024 అక్టోబర్ 1 నుంచి ప్రతి రిటైల్ అప్పుకూ వడ్డీ, ఫీజులు, బీమా అన్నీ కలిపి అసలు ఖర్చెంతో ఒక్క పత్రంలో చూపించి ఇవ్వాల్సిందే. కౌంటర్‌లో నోటిమాటగా 'కాదు పో' అనడం, ఆ గుమ్మం బయటే దళారీ ఎదురుపడటం ఈ రూల్స్‌లో ఎక్కడా లేదు.

బ్యాంకు ఉద్యోగ సంఘాల మిత్రులను ఒక మాట అడుగుతున్నాం. మీ బ్రాంచిలో నోటిమాట తిరస్కరణలు ఎన్నో మీకు తెలుసు. మీరే ఆ కారణం కాగితం మీద రాసి ఇచ్చే పని మొదలుపెట్టండి. కామర్స్, లా చదివే విద్యార్థులు ఆదివారం పూట బస్తీలో కూర్చుని నాలుగు దరఖాస్తులు నింపగలరు, ఈసీ తీయించగలరు, లింకు డాక్యుమెంట్లు వరుసగా పెట్టించగలరు. దీనికి పెద్ద శిక్షణ అక్కర్లేదు. మున్సిపల్ కమిషనర్ల ముందు మాత్రం ఒకే డిమాండ్ పెడదాం. రాయితీ దరఖాస్తు పెట్టించే మనిషిని, అతని ఫోన్ నంబరును, 'ఇక్కడ ఏ రుసుమూ లేదు' అన్న బోర్డును వార్డు ఆఫీసులో పెట్టాలి. పెట్టేదాకా ప్రతి సోమవారం ప్రజావాణిలో ఇదే దరఖాస్తు ఇస్తాం. దానికి రసీదు కూడా తీసుకుంటాం.