ఈ వేసవికి కొందరు వీరాభిమానులు కావాలి

రెడ్డిగూడెం వైపు మే నెలంటే మామిడి కాపు. తోటల్లో కోతలు, రోడ్డు మీద నున్న మార్కెట్‌కు పోయే లోడు బళ్లు, ఇళ్లలో రసాలూ ఆవకాయ జాడీలూ. బడి పిల్లలకు అదే నెల పూర్తిగా ఖాళీ. ఎండెక్కేలోగా ఒక ఆట, పొద్దు వాలాక ఇంకో ఆట. నడుమ ఉన్న ఆరేడు గంటలూ ఫోనువే. వాటిలో ఒకటి రెండు గంటలైనా పుస్తకానికి దక్కాలని ఏటా అందరం అంటాం. అనడంలో తప్పులేదు గానీ, దానికి మనం ఎంచుకున్న దారే పిల్లలకు రుచించడం లేదు.

ఏం చేస్తున్నాం? పెద్దలు మెచ్చిన పుస్తకాలు నాలుగు చేతిలో పెడతాం. పక్కన ఒక నోటుపుస్తకం. పుస్తకం పేరు, రచయిత పేరు, సారాంశం, చివర్లో నీతి. కార్బైడ్ పెట్టి మగ్గేసిన కాయ ఎలా ఉంటుందో మామిడి పండించే ఊరివాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. పైన పసుపు, లోపల పులుపు. ఈ చదువూ అంతే. నోటుపుస్తకం నిండుతుంది, సెలవులు అయిపోతాయి, పిల్లలు మళ్లీ పుస్తకం ముట్టరు.

ప్రభుత్వాలు ఏమీ చేయలేదనలేం. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో ‘చదవడం మాకిష్టం’ మొదలైంది. తెలంగాణ 2022లో వంద రోజుల పఠన కార్యక్రమం పెట్టింది. బడిలో చదువుకోడానికి ఒక వేళ కేటాయించడం మంచి పనే. అయితే పుస్తకం మూశాక ఏం జరగాలన్నది మనం ఆలోచించలేదు. ఇష్టమైనదాన్ని ఒంటరిగా ఎంతకాలం ఇష్టపడగలం?

ఇష్టం నలుగురితో పంచుకుంటేనే నిలుస్తుందన్న సంగతి తెలుగు ఊళ్లకు కొత్త కాదు. సినిమా హీరో విషయంలో మనకు బాగా తెలిసిందే. సినిమా చూడటంతో అభిమానం తీరిపోదు. డైలాగులు బట్టీ పట్టాలి, ఫ్లెక్సీ కట్టాలి, అవతలి హీరో అభిమానితో టీ కొట్టు దగ్గర గొంతు పోయేలా వాదించాలి, తర్వాతి సినిమా కోసం రోజులు లెక్కపెట్టాలి. కాస్త ఆగి చూడండి. గుర్తుపెట్టుకోవడం, పోల్చడం, రుజువులు చూపించి వాదించడం, ఓపిగ్గా ఎదురుచూడటం. మంచి పాఠకుడికి కావలసినవీ ఇవేగా! పుస్తకాల దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఈ సరదా అంతా పక్కన పెట్టి పిల్లలను బుద్ధిగా కూర్చోమంటాం.

ఒకప్పుడు ఈ సరదాను అచ్చులోకి తెచ్చినవాళ్లున్నారు. 1947 జులైలో మొదలైన ‘చందమామ’ నెలకొకసారి వచ్చేది. 1954లో ‘తోకచుక్క’తో మొదలుపెట్టి దాసరి సుబ్రహ్మణ్యం వరసగా రాసిన జానపద సీరియళ్లు సరిగ్గా పాత్ర ప్రాణం మీదికొచ్చిన చోట ఆగేవి. మిగిలిన నెలంతా కథ పిల్లల చేతిలో ఉండేది. మాంత్రికుడు ఏం చేస్తాడు, ఎవరు అడ్డుపడతారు అని అరుగుల మీద ఎవరి కథ వాళ్లు అల్లుకునేవారు. విచిత్రమేమిటంటే ఆ సీరియళ్లకు రచయిత పేరు వేసేవారు కాదు. ఆ పేరు తెలియకుండానే పెద్దవాళ్లయిన పాఠకులు ఏళ్ల తర్వాత ఆయనెవరో తెలుసుకుని, వెతికి పట్టుకున్నారు. పాత సంచికలు పోగేశారు. 2010లో ఆయన పోయాక ఆ సీరియళ్లు పుస్తకాలుగా రావడం వెనక ఉన్నది ఈ అభిమానమే.

అదే పత్రికలో బేతాళుడు కథ చెప్పి నీతి చెప్పేవాడు కాదు, ప్రశ్న వేసేవాడు. ముగ్గురిలో ఎవరిది గొప్ప త్యాగం? రాజు తీర్పు న్యాయమా? జవాబు తెలిసీ చెప్పకపోతే తల పగులుతుంది! విక్రమార్కుడు నోరు విప్పేలోగా పిల్లలు తమ తీర్పు తాము చెప్పేసేవారు. ఫొటో వ్యాఖ్యల పోటీ ఇంకో ఎత్తు. అచ్చయిన రెండు బొమ్మలకు జత కుదిరే మాటలు పాఠకులే రాసి పంపాలి. అంతకుముందే 1945లో రేడియో అన్నయ్య, అక్కయ్య న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి ‘బాల’ పత్రిక తెచ్చారు. పత్రిక చదివే పిల్లలు ఊళ్లలో బాలానంద సంఘాలుగా కూడేవారు. చదవడమూ ఆడుకోవడమూ ఒకే గుంపులో సాగేవి.

మాయలూ మాంత్రికులూ పిల్లల బుర్ర పాడుచేస్తాయని భయపడే పెద్దలు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. వాళ్లకు ఒక్క మాట. 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా ‘చందమామ’ను దిద్దిన కొడవటిగంటి కుటుంబరావు మార్క్సిస్టు, హేతువాది. ఆయనకు లేని భయం మనకెందుకు? అభిమానం మరీ ముదిరితే ఏమవుతుందంటారా? 1893లో కానన్ డాయిల్ షెర్లాక్ హోమ్స్‌ను చంపేస్తే పాఠకులు ఊరుకోలేదు. ఉత్తరాలతో వెంటపడ్డారు. పదేళ్లకు ఆ డిటెక్టివును రచయిత మళ్లీ బతికించాల్సి వచ్చింది. మన దగ్గర కొమ్మూరి సాంబశివరావు రాసిన యుగంధర్, మధుబాబు రాసిన షాడో నవలలు అద్దె పుస్తకాల కొట్లను ఏళ్ల తరబడి నిలబెట్టాయి. అక్కడ మొదలై శరత్‌కూ చలానికీ చేరినవాళ్లు ఈ వ్యాసం చదివేవాళ్లలోనే దొరుకుతారు. చేరనివాళ్లూ ఉంటారు. చదివే అలవాటైతే మిగిలింది కదా!

ఇక చేయవలసింది. రెడ్డిగూడెంలో పన్నెండేళ్ల పిల్ల ఒకర్తి ఉందనుకోండి. జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవానికి వెళ్లాలంటే మైలవరం మీదుగా బస్సు, వెంట ఒక పెద్దమనిషి, చేతిలో డబ్బు కావాలి. ఆమెకు అందుబాటులో ఉండాల్సింది ఊరి గ్రంథాలయం. గ్రంథాలయాలు పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపు తెరవడం మనకు అలవాటు. పిల్లలు నీడపట్టున ఉండేది మధ్యాహ్నం. వేసవి నెల రోజులైనా ఆ వేళ తలుపు తీయండి. ఏ పుస్తకం చదవాలో పిల్లల్నే తేల్చుకోనివ్వండి. ఒకరు పైకి చదువుతుంటే మిగతావాళ్లు వినాలి, మంచి పట్టులో ఆపాలి. మర్నాడు బొమ్మలు వేయాలి, వేషాలు కట్టాలి, నచ్చని ముగింపును మార్చి రాయాలి. నెలాఖరుకు అవన్నీ కలిపి ఒక లిఖితపత్రిక కుట్టాలి.

దీనికి డబ్బెక్కడిదంటే, ఉంది. ఇంటిపన్ను రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ పన్నుగా మనం కడుతూనే ఉన్నాం. వసూలైన ఆ సొమ్మును స్థానిక సంస్థలు గ్రంథాలయ సంస్థలకు సరిగా జమ చేయవన్నది పాత ఫిర్యాదు. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పెట్టుకున్నవాళ్ల వారసులం. ఆ ఎనిమిది పైసలు ఎటు పోతున్నాయని మన పంచాయతీలో ఒకసారి అడిగితే తప్పేమీ కాదు. వచ్చినదాంట్లో కొంత పిల్లలు కోరిన పుస్తకాలకే పెట్టమనడం అత్యాశా కాదు.

తల్లిదండ్రులకూ టీచర్లకూ గ్రంథపాలకులకూ చివరిగా ఒక విన్నపం. పిల్ల పుస్తకం ముగించి మీ దగ్గరికొస్తే, నువ్వెవరి పక్షమని అడగండి. ఆమె చెప్పినదానికి మీరు ఎదురు పక్షం తీసుకోండి. వాదనలో ఓడిపోయినా సరే. నీతి ఏమిటని మాత్రం అడక్కండి.