బిజినెస్ క్లాస్ టికెట్ కొనేముందు బ్రాండ్ కాదు, వేరియంట్ చూడండి

ఇరవై వేల ఫోన్ కొనడానికి మనం ఇరవై రివ్యూలు చూస్తాం. ప్రాసెసర్ ఏంటి, డిస్‌ప్లే ఏ ప్యానెల్, బాక్సులో ఛార్జర్ ఉందా లేదా, అన్నీ అడుగుతాం. అదే మనిషి లక్షల్లో ఉండే విమానం టికెట్ దగ్గరికి వచ్చేసరికి వెబ్‌సైట్‌లో ఒక ఫోటో చూసి పేమెంట్ బటన్ నొక్కేస్తాడు. ఆ మనిషిని నేనే.

పోయిన ఏడాది అమ్మని అమెరికా తీసుకెళ్లాను. న్యూజెర్సీలో ఉన్న అక్కకి డెలివరీ టైమ్. అమ్మకి రెండు మోకాళ్లూ అరిగిపోయాయి. గంట కూర్చుంటే లేవడానికి ఎవరో ఒకరు చెయ్యి పట్టుకోవాలి. అందుకే మూడేళ్లుగా క్రెడిట్ కార్డు మీద పోగేసిన పాయింట్లు, కొత్త ల్యాప్‌టాప్ కోసం దాచుకున్న డబ్బులు కలిపి, యూరప్ నుంచి న్యూయార్క్ వరకు, అంటే అట్లాంటిక్ దాటే లెగ్ వరకు, ఇద్దరికీ బిజినెస్ క్లాస్ తీసుకున్నాను. ఫోటోలో తలుపు ఉన్న సూట్, పెద్ద స్క్రీన్, తెల్లటి పరుపు.

విమానం ఎక్కి చూస్తే అదే ఎయిర్‌లైన్, అదే క్లాస్, కానీ పాత తరం సీటు. పక్కపక్కన కూడా దొరకలేదు. ఇద్దరివీ కిటికీ సీట్లే కాబట్టి మార్చుకున్నా లాభం లేదు. అమ్మ బాత్రూమ్‌కి వెళ్లాలంటే పడుకున్న పక్కాయన కాళ్ల మీదుగా దాటాలి. ఒకసారి దాటింది. ఆ తర్వాత ఆయన్ని లేపడం ఇష్టంలేక దిగేదాకా మంచినీళ్లు తాగడం మానేసింది. ఈ సంగతి నాకు ఎయిర్‌పోర్టులో చెప్పింది.

ఆ ఎయిర్‌లైన్ పేరు రాయను. ఎందుకంటే ఇది ఒక్క కంపెనీతో పోయేది కాదు, బిజినెస్ క్లాస్ అమ్మే పద్ధతే ఇలా ఉంది. దాన్ని మనలాంటి గ్యాడ్జెట్ పిచ్చోళ్లు మిగతావాళ్లకంటే తొందరగా పట్టుకోగలరని నా నమ్మకం.

ఒకే పేరు, లోపల వేరే చిప్

గెలాక్సీ ఎస్24 గుర్తుందిగా? అమెరికాలో కొంటే స్నాప్‌డ్రాగన్, ఇండియాలో కొంటే ఎక్సినాస్. బాక్సు మీద పేరు మాత్రం ఒకటే. మనం ఎంత గొడవ చేశాం! బిజినెస్ క్లాస్‌లో తేడా ఇంకా ఎక్కువ.

బ్రిటిష్ ఎయిర్‌వేస్‌నే తీసుకోండి. బిజినెస్ క్లాస్‌లో పూర్తిగా ఫ్లాట్ అయ్యే బెడ్‌ని 2000లో తెచ్చి అందరికీ దారి చూపించింది వీళ్లే. 2019లో ఏ350తో పాటు తలుపు ఉన్న క్లబ్ సూట్ తెచ్చారు. వరసకి 1-2-1, ప్రతి సీటు నుంచీ నేరుగా నడవలోకి వెళ్లొచ్చు. కానీ అదే కంపెనీ ఏ380 ఎక్కితే 2025లో కూడా పాత సీటే. కింది డెక్‌లో వరసకి 2-4-2, సగం మంది వెనక్కి తిరిగి కూర్చోవాలి. టికెట్ మీద రెండింటికీ ఒకటే క్లాస్.

వర్జిన్ అట్లాంటిక్ కూడా అంతే. బోయింగ్ 787లో సీటు కిటికీకి వీపు పెట్టి ఉంటుంది, బెడ్ కావాలంటే లేచి నిలబడి సీటుని తిప్పి పరవాలి. ఏ350లో సీటు కిటికీ వైపు తిరిగింది. 2022లో వచ్చిన ఏ330నియోలో బ్లూటూత్, వైర్‌లెస్ ఛార్జింగ్ కూడా వచ్చాయి. డెల్టా 2017లో ఏ350 మీద తలుపులున్న సూట్లు తెచ్చింది, కానీ బోయింగ్ 767 ఎక్కితే తలుపు ఉండదు. లుఫ్తాన్సా అయితే 2024లో అల్లెగ్రిస్ అని తెచ్చి, ఒకే బిజినెస్ క్యాబిన్‌లో బేస్, ప్రో, అల్ట్రా లాగా రకరకాల సీట్లు పెట్టింది. మంచివి కావాలంటే ఎక్స్‌ట్రా కట్టాలి. నిజం చెప్పాలంటే ఇదొక రకంగా నయం. ఏం కొంటున్నామో ముందే తెలుస్తుంది.

అట్లాంటిక్ మీద అసలు స్పెక్ నిద్ర

రివ్యూల్లో స్క్రీన్ ఎన్ని అంగుళాలు, షాంపేన్ ఏ బ్రాండ్ అని రాస్తారు. నా దృష్టిలో ఈ రూట్లో అవి మెగాపిక్సెల్స్ లాంటివి. చెప్పుకోడానికి బాగుంటాయి, వాడకంలో పెద్దగా తేడా ఉండదు.

లెక్క చూడండి. లండన్ నుంచి న్యూయార్క్‌కి దాదాపు 8 గంటలు, ఎక్కువగా పగటి ఫ్లైట్లు. అంటే నిద్ర పెద్దగా అక్కర్లేదు. వైఫై, టేబుల్, కాళ్లు చాపుకోడానికి చోటు ఉంటే చాలు. తిరుగు ప్రయాణంలో వెనక నుంచి జెట్ స్ట్రీమ్ గాలి తోస్తుంది కాబట్టి 7 గంటల్లోపే అయిపోతుంది. అది ఎక్కువగా రాత్రి ఫ్లైట్. పైకి లేచి భోజనం ముగిసేసరికి రెండు గంటలు పోతాయి. దిగడానికి గంట ముందే లైట్లు వేసి టిఫిన్ పెడతారు. మిగిలేది నాలుగు గంటలు. మీరు కట్టిన డబ్బంతా ఆ నాలుగు గంటల కోసమే.

కాబట్టి బడ్జెట్ ఒక వైపుకే సరిపోతే, ఆరోగ్యంగా ఉన్నవాళ్లు వెళ్లేటప్పుడు ప్రీమియం ఎకానమీలో వెళ్లి, వచ్చేటప్పుడు బిజినెస్ క్లాస్ తీసుకోండి. భోజనం లాంజ్‌లోనే చేసేసి, ఎక్కగానే పడుకోండి. మోకాళ్లు బాగోలేని పెద్దవాళ్లతో వెళ్తుంటే మాత్రం ఈ లెక్క వర్తించదు. వాళ్లకి పగలైనా రాత్రైనా కాళ్లు చాపుకోవాలి, ఎవర్నీ అడక్కుండా లేవగలగాలి.

విమానం మోడల్ కూడా చూడండి. బోయింగ్ 787, ఏ350 లాంటి వాటిలో క్యాబిన్ లోపలి గాలి ఒత్తిడి 6,000 అడుగుల ఎత్తులో ఉన్నట్టు ఉంచుతారు. పాత డిజైన్ విమానాల్లో అది 8,000 అడుగుల దాకా వెళ్లొచ్చు. దిగాక తల బరువుగా ఉందా లేదా అన్నదాంట్లో ఈ తేడా తెలుస్తుంది.

నా ఓటు ఎవరికి?

లండన్-న్యూయార్క్ రూట్లో వాల్యూ ఫర్ మనీ అంటే నాకు జెట్‌బ్లూ మింట్. 2021లో ఈ రూట్లోకి వచ్చింది. విమానం చిన్నది, ఏ321ఎల్ఆర్. మింట్‌లో మొత్తం 24 సూట్లు, వరసకి 1-1, అన్నింటికీ తలుపులు, దాదాపు అన్నింటికీ 17 అంగుళాల స్క్రీన్, వైఫై ఫ్రీ. ఏ సీటు తీసుకున్నా తలుపు ఉంటుంది, అదే నాకు నచ్చిన పాయింట్.

సూట్ కావాలి, పెద్ద విమానం కావాలి అంటే బ్రిటిష్ ఎయిర్‌వేస్ ఏ350. నిద్రే ముఖ్యం అనుకుంటే యునైటెడ్ పొలారిస్‌ని కూడా లెక్కలో పెట్టుకోండి. దుప్పటి, దిండ్ల మీద వాళ్లు పెట్టిన శ్రద్ధ చాలామంది పెట్టలేదు. పొలారిస్ సీట్లలో చాలావాటికి తలుపు లేదని కొందరు కొట్టిపారేస్తారు. తలుపు ఉంటే మంచిదే, కానీ అది ఫోన్‌కి లెదర్ బ్యాక్ లాంటిది. నడవలోకి నేరుగా దారి ఉండటం బ్యాటరీ లాంటిది. దేన్ని వదులుకోలేమో మీకే తెలుసు.

బుక్ చేసే ముందు ఐదు నిమిషాలు

ముందు విమానం మోడల్ చూడండి, టికెట్ వివరాల్లోనే ఉంటుంది. తర్వాత సీట్ మ్యాప్ తెరిచి వరసకి ఎన్ని సీట్లో లెక్కపెట్టండి. ప్రతి సీటూ నడవని తాకుతుంటే ఓకే. రెండేసి, నాలుగేసి కలిసి ఉంటే పాత సీటని అనుమానించండి. బుక్ చేశాక వారానికోసారి సీట్ మ్యాప్ మళ్లీ చూడండి, ఎందుకంటే విమానం మారిపోవచ్చు. వాళ్లు అమ్మేది క్లాసుని, ఫోటోలో సీటుని కాదు. వైర్ ఉన్న ఇయర్‌ఫోన్ ఒకటి పెట్టుకోండి, బ్లూటూత్ అన్నిట్లో ఉండదు. పవర్ బ్యాంక్ 100 వాట్ అవర్ లోపు ఉండాలి, క్యాబిన్ బ్యాగులోనే పెట్టాలి. మామూలు 20,000 ఎంఏహెచ్ అంటే 74 వాట్ అవరే కాబట్టి ఇబ్బంది లేదు.

తిరుగు ప్రయాణానికి నేనూ ఇదే చేశాను. మా తేదీకి మళ్లీ పాత సీటే కనబడింది. రెండు రోజులు వెనక్కి జరిపి, మార్పు ఫీజు కట్టి, వరసకి 1-2-1 ఉన్న విమానం పట్టుకున్నాను. నా ల్యాప్‌టాప్ ఇంకో ఏడాది వెనక్కి వెళ్లింది, పర్లేదు. ఆ రాత్రి అమ్మ నాలుగు గంటలు నిద్రపోయింది. లేచి తనంతట తానే బాత్రూమ్‌కి వెళ్లొచ్చి, ఎయిర్ హోస్టెస్‌ని రెండో గ్లాసు మంచినీళ్లు అడిగింది.