ఫోర్జ్డ్ చక్రమా? ఫోర్జరీ చక్రమా?

సంక్రాంతికి మా బావ హైదరాబాదు నుంచి చోడవరానికి కొత్త కారేసుకుని వచ్చాడు. జర్మన్ కారు, ఆరు సెకన్లలోపే వంద అందుకుంటుందట. కంపెనీ పేరు రాయను, రాస్తే బావ ఊరుకోడు. రాత్రి తొమ్మిదిన్నరకి సబ్బవరం దాటాక మా బీఎన్ రోడ్డు మీద ఓ గోతిలో ముందు ఎడమ చక్రం పడింది. దిగి చూస్తే రిమ్ము లోపలి అంచున వేలెడు పొడుగు పగులు, టైరు పక్క కోసుకుపోయింది. రన్‌ఫ్లాట్ టైర్లు కదా అని కంపెనీవాడు డిక్కీలో స్టెప్నీ ఇవ్వలేదు. వెనక సీట్లో అక్క, నాలుగేళ్ళ మేనకోడలు. లారీ వచ్చి ఎత్తుకెళ్ళేదాకా రెండు గంటలు రోడ్డు పక్క చీకట్లో నిలబడ్డారు, వెనక లైట్లు లేని చెరకు ట్రాక్టర్లు రాసుకుంటూ పోతుంటే.

మర్నాడు సర్వీసు సెంటరాయన తీర్పిచ్చేశాడు: "సార్, ఇది క్యాస్ట్ అల్లాయ్. ఫోర్జ్డ్ వేసుకుని ఉంటే ఏం కాకపోను." ఇక పండగ మూడ్రోజులూ ఇంట్లో ఇదే గోల. ఇంటికొచ్చిన ప్రతి సాఫ్ట్‌వేరు మేధావీ "ఫోర్జ్డ్ వేసేయ్ గురూ" అనేవాడే. నాలుగు చక్రాలకి వాళ్ళు చెప్పిన ధరకి మా ఊళ్ళో సెకండ్ హ్యాండ్ మారుతీ ఒకటి వచ్చేస్తుంది. మెకానికల్ చదివి జావా రాసుకుంటున్న నాలాంటివాడికి అరుదుగా దొరికే అవకాశం కాబట్టి, వదల్చుకోలేదు :)

ముందు ఒప్పుకోవాల్సింది ఒప్పుకుంటాను. పోత వేరు, ఫోర్జింగు వేరు. మా అనకాపల్లి వైపు వాళ్ళకి ఇది తేలిగ్గా చెప్పొచ్చు. పెనంలో కాగిన చెరకు పాకాన్ని అచ్చులో పోసి బెల్లం దిమ్మ చేస్తారు చూడండీ, అది పోత. కొలిమిలో ఎర్రగా కాల్చిన ఇనుముని దాగలి మీద పెట్టి సమ్మెటతో బాది నాగలికర్రు చేస్తారే, అది ఫోర్జింగు. పోత చక్రానికి మామూలుగా వాడేది ఏ356 అనే మిశ్రమలోహం, అల్యూమినియంలో ఏడు శాతం దాకా సిలికాన్. చల్లబడేటప్పుడు లోపల సన్నటి బుడగలు మిగలొచ్చు. ఇంజనీరింగు మొదటేడు వర్క్‌షాపులో నేను పోసిన ముక్క కోసి చూస్తే జున్నుగడ్డలా ఉంది, అది వేరే సంగతి. ఫోర్జ్డ్ చక్రానికైతే ఎక్కువగా 6061 రకం దిమ్మని వేడి చేసి వేల టన్నుల ప్రెస్సు కింద నొక్కుతారు. బుడగలు మూసుకుపోతాయి, రేణువులు చక్రం ఆకారం వెంట బారులు తీరతాయి. దెబ్బ తగిలితే ముందు వంగుతుంది. పోతది తక్కువ సాగి పగులుతుంది. బరువు కూడా ఫోర్జ్డ్‌కే తక్కువ. 1966లో పోర్షే 911 ఎస్‌కి ఫుక్స్ చక్రాలు బిగించినప్పటి నుంచీ స్పోర్ట్స్ కార్లవాళ్ళకి ఈ మోజు ఊరికే రాలేదు.

మరి నా పేచీ ఏంటి?

అల్లాయ్ చక్రాలకి ఒక దెబ్బ పరీక్ష ఉంది, ఐఎస్ఓ 7141. టైరు బిగించిన చక్రాన్ని 13 డిగ్రీలు వంచి పెట్టి, 230 మిల్లీమీటర్ల ఎత్తు నుంచి బరువు వదులుతారు. ఎంత బరువంటే, చక్రం మోసే గరిష్ఠ బరువులో 0.6 వంతు, దానికి ఇంకో 180 కిలోలు కలిపి. 600 కిలోలు మోసే చక్రమైతే 540 కిలోల దిమ్మ అన్నమాట. మధ్యభాగం పగిలి విడిపోకూడదు, గాలి ఒక్క నిమిషంలో మొత్తం పోకూడదు. చక్రం పోతదా ఫోర్జ్డా అని ఆ పరీక్ష అడగదు, రెండిటికీ అదే దిమ్మ, అదే ఎత్తు. సరిగ్గా చేసిన పోత చక్రం ఆ దెబ్బ తిని నిలబడ్డాకే కారెక్కుతుంది. మరి బావ చక్రం ఎందుకు పగిలినట్టు?

టైరు చూడండి. ఈ తరగతి కార్లకి వచ్చే మూడు కొలతలు తీసుకుందాం: 225/55 ఆర్17, 245/45 ఆర్18, 275/35 ఆర్19. బయటి వ్యాసం మూడింటికీ ఇంచుమించు ఒకటే. తేడా అంతా రిమ్ముకీ రోడ్డుకీ మధ్య ఉన్న రబ్బరు గోడలో. మొదటిదానికి 124 మిల్లీమీటర్లు, రెండోదానికి 110, మూడోదానికి 96. గోతి అంచు తగిలినప్పుడు నొక్కుకుని దెబ్బ మింగాల్సింది ఆ గోడే. 17 నుంచి 19కి వెళ్ళగానే బొటనవేలంత రబ్బరు తీసేసి ఆ జాగాలో లోహం పెట్టారు. పైగా రన్‌ఫ్లాట్ కాబట్టి ఆ మిగిలిన గోడ కూడా గట్టిది, మెత్తగా నొక్కుకోదు. ఇదంతా షోరూములో "స్పోర్ట్ ప్యాకేజీ" అని మనమే డబ్బిచ్చి కొనుక్కున్నది! ముందు రబ్బరు కోసి, ఆ కోత వల్ల చక్రం పగిలితే, ఇంకా ఖరీదైన చక్రం అమ్ముతారు. మన ప్రాజెక్టుల్లో బగ్గు పెట్టినవాడే సపోర్టు కాంట్రాక్టు కూడా రాసుకున్నట్టు. ఇక జీవితకాలం పన్ను కట్టించుకుని ఆ గోతిని అలాగే ఉంచినవాళ్ళ మాట మా ఇంటి మేధావులెవరూ ఎత్తలేదు.

బావ ఫోర్జ్డ్ వేయించుకుని ఉంటే? ఆ 96 మిల్లీమీటర్ల రబ్బరుతో ఆ గోతిలో పడితే పగలకుండా వంగేదేమో. టైరు పక్క మాత్రం అలాగే కోసుకుపోయేది. రెండు గంటలు రోడ్డు మీద నిలబడటమూ తప్పేది కాదు.

ఇంకో మోసం ఉంది. పోత పోసిన చక్రాన్నే తిప్పుతూ, రిమ్ము భాగాన్ని రోలర్లతో వేడి మీద నొక్కి సాగదీస్తారు. ఫ్లో ఫార్మింగ్ అంటారు. మంచి పద్ధతే, ధర కూడా అందుబాటులో ఉంటుంది. కానీ దాన్ని "రోటరీ ఫోర్జ్డ్", "సెమీ ఫోర్జ్డ్" అని పేర్లు పెట్టి అమ్ముతున్నారు. ఆకులు, మధ్యభాగం పోతదే కదండీ! ఫోర్జ్డ్ అనే మాటకి ఇంగ్లీషులో ఇంకో అర్థం కూడా ఉందని ఇక్కడే గుర్తొస్తుంది. అడగాల్సింది ఏ లోహం, ఏ పద్ధతి, ఎన్ని కిలోలు, ఏ ప్రమాణానికి పరీక్ష చేశారు, మన దేశపు ఐఎస్ 16192 గుర్తు ఉందా అని. జవాబు చెప్పకుండా నవ్వితే లేచి వచ్చేయండి.

పోత అంటే అంత చులకనైపోయిందా? మా చోడవరం 2022 ఏప్రిల్ దాకా విశాఖ జిల్లా, ఇప్పుడు అనకాపల్లి జిల్లా. ఇక్కడికి దగ్గర్లోనే దువ్వాడ సెజ్‌లో సినర్జీస్ క్యాస్టింగ్స్ పోత అల్లాయ్ చక్రాలు చేసి జనరల్ మోటార్స్, ఫోర్డ్ లాంటి కంపెనీలకి పంపింది. దాని సోదర సంస్థ సినర్జీస్ డూరే పేరు మీరు వేరే కారణానికి విని ఉంటారు. కొత్త దివాలా చట్టం కింద 2017 ఆగస్టులో హైదరాబాదు ట్రిబ్యునల్ ఒప్పుకున్న మొట్టమొదటి పరిష్కారం దానిదే, అప్పిచ్చినవాళ్ళకి రూపాయికి ఆరు పైసలు దక్కాయి. వాళ్ళ పద్దులు ఏమైనా కానీ, పోత చక్రం మాత్రం ప్రపంచం మెచ్చిన పద్ధతే. రైల్వే సంగతి చూడండి. బెంగుళూరు యలహంకలో 1984 నుంచీ ఉక్కు చక్రాలు పోత పోస్తున్నారు. మరోపక్క మన విశాఖ ఉక్కువాళ్ళు రాయ్‌బరేలీ దగ్గర లాల్‌గంజ్‌లో ఏడాదికి లక్ష చక్రాల ఫోర్జింగు కర్మాగారం కట్టారు. బరువునీ వేగాన్నీ చూసి ఎక్కడ ఏది కావాలో తేల్చుకుంటారు. గూడ్సు వ్యాగన్ పక్కవాడి వ్యాగన్‌ని చూసి చక్రాలు మార్చుకోదు.

ఊళ్ళో ఒకాయన "ఆర్గాన్ వెల్డింగు పెట్టించేద్దాం బావూ, రెండేల్లో అయిపోద్ది" అన్నాడు. ఆ పని మాత్రం చేయొద్దని గట్టిగా అడ్డం పడ్డాను. చక్రానికి బలమిచ్చిన ఉష్ణసంస్కారం వెల్డింగు వేడికి ఆ చుట్టుపక్కల చెడిపోతుంది. పైకి నున్నగా, లోపల మెత్తగా, మళ్ళీ వెనక సీట్లో పాప.

చివరికి బావని ఒప్పించాను. ముందు బ్రేకులు పెద్దవి కాబట్టి 17 పట్టదన్నారు. బేస్ మోడల్‌కి కంపెనీయే ఇచ్చే 18 అంగుళాల పోత చక్రాలు, 45 టైర్లు వేయించాడు, డిక్కీలో ఓ సన్న స్టెప్నీ కూడా. ఆ కొలతలు ఆ కారుకి కంపెనీ పుస్తకంలోనే ఉన్నాయి, కాబట్టి వారంటీ గొడవ లేదు. కారు ఇంటికొచ్చాక మా పెద్దమ్మ చుట్టూ తిరిగి చూసి, "ఇంత డబ్బోసి చక్రాలు చిన్నవి చేయించారేట్రా?" అంది.