సేవాసంఘములకు నియమములు

లాభాపేక్ష లేక పదిమంది కూడి చేయు పనికి నియమము లేల యని కొంద ఱందురు. ఈ వాదము సరికాదు. 1993వ సంవత్సరమున ఇయాన్ మర్డాక్ స్థాపించిన డెబియన్ సంఘమే యిందుకు నిదర్శనము. కంప్యూటరును నడపు సాఫ్ట్‌వేరును రూపొందించి యెల్లరకు స్వేచ్ఛగా నందించుట దాని యాశయము. సభ్యులు పంపిన ప్రోగ్రాములు దేశదేశముల యంత్రములను చేరును. ఒక్క ద్రోహి లోనికి వచ్చినచో నందఱకును హానియే. కావుననే చేరగోరువారు తా మెవరో రుజువుచేసి, సంఘాశయముల నంగీకరించి, తమ నేర్పును పనిలో చూపవలెను. పాతసభ్యు లొకరు వారిని బలపఱుపవలెను.

అయినను కాపుదల మితిమీరినచో వాకిలియే గోడ యగును. ప్రోగ్రాములను కూర్చువారే కాక, అనువదించువారును, వివరణలు వ్రాయువారును సంఘమునకు సేవచేయువారే. 2010లో సభ్యులు ఓటువేసి, అట్టివారికిని సభ్యత్వ మీయ నిశ్చయించుట న్యాయము. నియమము నమ్మకమును కాపాడవలెను గాని సేవను త్రోసిపుచ్చరాదు.