ముక్కు చెప్పే వయస్సు

సంతలో ఎద్దును కొనవచ్చిన రైతు ముందుగా దాని నోరు తెరిచి చూస్తాడు. రెండు పళ్ళు వేసిందో, నాలుగు వేసిందో చూసి వయస్సు చెప్పేస్తాడు. నరికిన చెట్టు వయస్సును మానులోని వలయాలు తెలుపుతాయి. అడవిలో స్వేచ్ఛగా ఎగిరే పక్షి విషయంలో మాత్రం ఇంత సులువైన మార్గం లేదు. పూర్తిగా ఎదిగిన తరువాత పదేళ్ళ పక్షి, ఇరవై ఏళ్ళ పక్షి సాధారణంగా ఒకే విధంగా కనిపిస్తాయి. గూటిలో ఉన్నప్పుడే కాలికి లోహపు కడియం తొడిగిన వాటికి తప్ప, తక్కిన వాటికి పుట్టిన సంవత్సరం ఎక్కడా నమోదై ఉండదు.

అయితే వయస్సు గుర్తును ముక్కుమీదనే మోసుకు తిరిగే పక్షి ఒకటి మన అండమాన్ దీవులలో ఉన్నది. అదే నార్కొండం హార్న్‌బిల్. ఉత్తర అండమాన్‌కు తూర్పున సుమారు 130 కిలోమీటర్ల దూరంలో, సముద్రం మధ్య నిలిచిన అగ్నిపర్వత ద్వీపం నార్కొండం. దాని విస్తీర్ణం సుమారు ఏడు చదరపు కిలోమీటర్లు. 1873లో ఏ. ఓ. హ్యూమ్ శాస్త్రలోకానికి పరిచయం చేసిన ఈ పక్షికి ప్రపంచంలో సహజ నివాసం ఆ ఒక్క దీవియే.

ఈ పక్షి రంగులు కొత్తవారిని సులభంగా మోసగిస్తాయి. ఎదిగిన మగపక్షి తల, మెడ ఎర్రని గోధుమరంగులో ఉంటాయి. ఆడపక్షికి అవి నల్లనివి. రెండింటి తోకా తెలుపే. కాని పిల్లలు, ఆడవైనా మగవైనా, తండ్రి రంగులోనే గూడు విడిచి వస్తాయి. కనుక ఎర్రని తల కనిపించిన ప్రతిదానినీ మగదని వ్రాసుకున్నవాని లెక్క తప్పుతుంది. పైగా గూడుకట్టు కాలంలో ఆడపక్షి చెట్టు తొర్రలో చేరి, ద్వారాన్ని సన్నని చీలిక మాత్రం మిగిల్చి మూసివేసుకుంటుంది. మగపక్షి ఆ చీలికగుండా పండ్లు అందిస్తుంది. ఆ రోజులలో అడవిలో తిరిగినవారికి నల్లతలలు తక్కువగా కనిపించడంలో వింత లేదు.

ఇటువంటప్పుడు చూడవలసినది ముక్కు. పిల్లపక్షి ముక్కు పైభాగం నునుపుగా ఉంటుంది. ఎదిగే కొద్దీ నుదుటికి దగ్గరగా ముక్కుమీద కిరీటం వంటి ఉబ్బు ఏర్పడి, దానిపై అడ్డంగా ముడతలు పడతాయి. ఎర్రని తల ఉండి ముడతలు లేకపోతే అది పిల్ల. ఎర్రని తలతోపాటు ముడతలు కూడా తేరి ఉంటే ఎదిగిన మగది.

ఈ జాతికి దగ్గరి బంధువులైన హార్న్‌బిల్‌లు ఆగ్నేయాసియాలో ఉన్నాయి. ఒక్కొక్క ముడత ఒక్కొక్క ఏటికి గుర్తని అక్కడివారు నమ్మేవారు. అందుకే డచ్చివారు వాటికి ‘సంవత్సర పక్షి’ అని అర్థం వచ్చే పేరు పెట్టారు. ఆ నమ్మకంలో సగమే నిజం. తొలి సంవత్సరాలలో ముడతలు వయస్సుతోపాటు పెరిగే మాట వాస్తవమే. కాని కొత్త ముడత నుదుటివైపున పుడుతుండగా, కొనవైపున్న పాతవి అరిగి, విరిగి రాలిపోతాయి. కొంత వయస్సు దాటిన తరువాత ముడతల సంఖ్యను బట్టి ఏళ్ళు లెక్కించడం సాధ్యం కాదు. పళ్ళన్నీ వచ్చేసిన ఎద్దు వంటిదే ఈ పక్షి కూడా. లేతదనాన్ని ముక్కు స్పష్టంగా చెబుతుంది, ముసలితనాన్ని చెప్పదు.

ఆ కొద్దిపాటి సమాచారానికి గల విలువ మాత్రం తక్కువ కాదు. 1972లో ఈ దీవిలో సుమారు 400 పక్షులు ఉన్నట్లు అంచనా వేశారు. 2019-20లో జరిపిన పరిశీలన సుమారు వెయ్యి ఉన్నట్లు తేల్చింది. గణన పద్ధతులు వేరు గనుక ఈ అంకెలను పక్కపక్కన పెట్టి పక్షులు పెరిగాయని చెప్పడానికి వీలులేదు. ఇవి దీర్ఘాయువు గల పక్షులు. ఏటా కనే పిల్లలు బహు కొద్ది. పిల్లలు పుట్టడం ఆగిపోయినా, పెద్దవి బ్రతికి ఉన్నంతకాలం మొత్తం సంఖ్య పెద్దగా తగ్గినట్లు కనిపించదు. లోటు బయటపడేనాటికి ఆలస్యమైపోతుంది.

ఈ సంగతికి దృష్టాంతం ఆ దీవి అడవిలోనే దొరుకుతుంది. 1969లో అక్కడ పోలీసు స్థావరం ఏర్పడింది. 1976లో ఆహారంకోసం మేకలను తెచ్చారు. అవి అడవిలోకి వ్యాపించి లేత మొక్కలను మేసివేయసాగాయి. మహావృక్షాలు నిలిచే ఉన్నందున పైకి అడవి పచ్చగానే కనిపించింది. వాటి తరువాత వాటి స్థానంలో నిలువవలసిన మొక్కలు లేవన్న సంగతి నేలను చూసినవారికే తెలిసింది. పరిశోధకుల హెచ్చరికలతో అనంతర కాలంలో మేకల తొలగింపు చేపట్టారు.

పక్షుల విషయంలోనూ ఇదే న్యాయం. తుఫాను వచ్చినా, తెగులు వచ్చినా వలసపోవడానికి ఈ జాతికి మరొక దీవి లేదు. కనుక నార్కొండం చేరిన పరిశీలకుడు ఎన్ని పక్షులు ఎగిరాయో వ్రాసుకొని ఊరుకోరాదు. వాటిలో ముక్కుమీద ముడత లేనివి ఎన్ని ఉన్నాయో కూడా వ్రాసుకోవాలి. రేపటి హార్న్‌బిల్‌లు అవే.