కొట్టినవాడు ఎక్కడ?

డోంగ్లిలో ఒక స్త్రీ మన ముందు కూర్చుని "నా మొగుడు తాగొచ్చి కొట్టిండు. పెద్దమనుషులు సర్దుకపొమ్మన్నరు" అని చెప్పిందనుకుందాం. సాయంత్రానికి మన ఇంగ్లీషు రిపోర్టులో అది "డొమెస్టిక్ వయొలెన్స్, కమ్యూనిటీ మీడియేషన్" అవుతుంది. మళ్లీ తెలుగు చేస్తే "గృహహింస జరిగింది, మధ్యవర్తిత్వం జరిగింది". మొగుడేమయ్యాడు? పెద్దమనుషులేమయ్యారు?

ఇది వ్యాకరణం గొడవే కదా అని తోసిపుచ్చలేం. తెలుగు క్రియ చివర కర్త ఉంటాడు. "కొట్టిండు"లోని "డు" కొట్టింది మగవాడని సాక్ష్యం చెబుతుంది. క్రియను నామవాచకం చేయగానే ఆ సాక్ష్యం చెరిగిపోతుంది. "జరిగింది"లో మిగిలేది స్త్రీకీ వస్తువుకీ కలిపి వాడే "ది" మాత్రమే.

ఇంగ్లీషులో ఈ పనికి వాడే ప్రత్యయాలు చాలావరకు లాటిన్ నుంచి వచ్చినవి. "షన్"కు మూలం "తియో", "మెంట్"కు "మెంతుమ్", "ఎన్స్"కు "ఎంతియా". 1066లో నార్మన్లు ఇంగ్లండును జయించాక ఫ్రెంచి మాట్లాడే పాలకుల ద్వారా, చర్చి, కోర్టుల లాటిన్ ద్వారా ఇవి ఇంగ్లీషులో పాతుకుపోయాయి. ఇవి దున్నేవాళ్లు తెచ్చినవి కావు, ఏలేవాళ్లు తెచ్చినవి. తెలుగు, మరాఠీ కలిసి వినిపించే మన సరిహద్దు పల్లెలకు ఇది కొత్త కాదు. నిజాం కచేరీల్లో ముందు ఫార్సీ, తర్వాత ఉర్దూ ఇలాగే నడిచాయి.

సంస్కృతం తెచ్చుకున్నంత మాత్రాన తీరేది కాదు. "ఎంపవర్‌మెంట్"ను "సాధికారత" చేశాం. 2001ని కేంద్రం మహిళా సాధికారత సంవత్సరమని ప్రకటించింది. ఎవరి చేతిలోని అధికారం ఎవరి చేతికి వచ్చింది? "మెంట్" అడగనివ్వలేదు, "త" కూడా అడగనివ్వలేదు.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారాను అడ్డుకున్నారు. ఉద్యమం రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1న సారాను నిషేధించారు. 1995లో సంపూర్ణ మద్యనిషేధం తెచ్చి, 1997లో సడలించారు. ఆడవాళ్లు ఆపిన సారా ప్రభుత్వం వారి "ప్రొహిబిషన్" అయింది. తమదన్నాక సడలించే హక్కూ తమదే అన్నారు!

నామవాచకాలే వద్దని నేననడం లేదు. "లైంగిక వేధింపు" అని పేరు పెట్టకపోతే 1997 విశాఖ తీర్పు, 2013 చట్టం లేవు. "గృహహింస" అనకపోతే 2005 చట్టం లేదు. ఒక్కొక్కరి బాధ అందరి హక్కు కావాలంటే దానికొక పేరు కావాలి. కానీ ఆ పేరు నేరస్తుడికి ముసుగు కాకూడదు.

కాబట్టి రిపోర్టులో ప్రతి "షన్" దగ్గరా, ప్రతి "త" దగ్గరా ఆగుదాం. ఎవరు చేశారు, ఎవరిని చేశారు అని రాశాకే సంతకం పెడదాం. భద్రత కోసం ఆమె పేరు దాచవలసి రావచ్చు. కొట్టినవాడొకడున్నాడన్న సంగతి దాచనక్కర్లేదు. ఆమె "కొట్టిండు" అని ధైర్యంగా చెప్పింది. చదువుకున్న మనం ఆ "డు"ను ఎందుకు మింగుతున్నాం?