రెండో మాండలిన్ కూడా వినపడాలి



ఈ వార్షికోత్సవానికి పూర్వ విద్యార్థులమంతా చందాలు వేసుకుని హాస్టల్ లైబ్రరీ గదికి ఒక స్పీకర్ల జత, మెమరీ కార్డు నిండా మంచి సంగీతం ఇవ్వాలని అనుకున్నాం. ఏ స్పీకర్లు కొనాలన్నది అరగంటలో తేలిపోయింది. కార్డులో ఏం వేయాలన్నది మాత్రం తేలలేదు. కొందరు సినిమా పాటలు చాలన్నారు. కొందరు ఉద్యమ గీతాలు తప్పనిసరి అన్నారు. శాస్త్రీయ సంగీతం మాటెత్తగానే "అవి మన పిల్లలు వింటారా?" అన్నారు. వింటారనే నా నమ్మకం. అయితే చూసి ఎంచి పెడితేనే వింటారు. ఎలా ఎంచాలో నాకు తోచింది ఈ నాలుగు పేజీల్లో చెబుతాను. నచ్చకపోతే వచ్చే సంచికలో తిట్టండి, సంతోషిస్తాను.

ముందుగా నా అభిప్రాయం. కొత్తగా వినేవాళ్లకు జంట వాయిద్యాల రికార్డులతో మొదలుపెట్టాలి. అందులోనూ రెండూ ఒకే రకం వాయిద్యాలై ఉండాలి. రెండు మాండలిన్లు, రెండు సన్నాయిలు, రెండు వయొలిన్లు, ఏవైనా సరే. ఒక్కరే గంటసేపు రాగం ఆలపిస్తుంటే అలవాటు లేని చెవికి దారి దొరకదు. ఇద్దరు వాయిస్తుంటే అది మాటామాటా అనుకున్నట్టు ఉంటుంది. ఒకరు ఒక ముక్క అంటారు, రెండోవారు దాన్ని అందుకుని కాస్త మార్చి అంటారు. ఆ మార్పు ఏమిటో కనిపెట్టడానికి రాగలక్షణాలు తెలియనక్కర్లేదు. మన డార్మిటరీలో ఇద్దరు ఒకరినొకరు ఆటపట్టించుకుంటుంటే మూడోవాడు ఎలా వింటాడో అలా వింటే చాలు.

ఇందుకు మన డెల్టాలోనే గొప్ప ఉదాహరణ ఉంది. పాలకొల్లు అనగానే మనకు క్షీరారామం గోపురం గుర్తొస్తుంది, దాసరి నారాయణరావు, అల్లు రామలింగయ్య గుర్తొస్తారు. అదే పాలకొల్లులో 1969 ఫిబ్రవరి 28న ఉప్పలపు శ్రీనివాస్ పుట్టాడు. లోకమంతా మాండలిన్ శ్రీనివాస్ అని పిలిచింది ఆయన్నే. ఆరేళ్ల వయసులో మాండలిన్ పట్టాడు. గురువు రుద్రరాజు సుబ్బరాజు గారు చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులు. ఆయనకు మాండలిన్ వాయించడం రాదు. ఆయన పాడి వినిపిస్తే కుర్రవాడు దాన్ని తీగల మీద వెతుక్కునేవాడు. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో తొలి కచేరీ చేశాడు. 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవంలో వాయించాడు. 1998లో పద్మశ్రీ వచ్చింది. 2014 సెప్టెంబర్ 19న, 45 ఏళ్లకే చెన్నైలో కన్నుమూశాడు.

ఆయన తమ్ముడు యు. రాజేష్ కూడా మాండలిన్ విద్వాంసుడే. అన్నదమ్ములిద్దరూ ఎన్నో ఏళ్లు జంట కచేరీలు చేశారు. ఆ జంటను ఇక ఏ సభలోనూ చూడలేం. మనకు మిగిలినవి రికార్డులే. అందుకే వాటిని ఎలా ఎంచుకుంటామన్నది చిన్న విషయం కాదంటాను.

ఎంచే ముందు ఆ వాయిద్యం సంగతి కొంచెం తెలియాలి. మాండలిన్ ఇటలీ నుంచి వచ్చింది. మామూలు మాండలిన్‌కు ఎనిమిది తీగలు, రెండేసి చొప్పున నాలుగు జతలు. మీటగానే టింగుమని మోగి వెంటనే ఆరిపోతుంది. మన సంగీతానికి ప్రాణం గమకం, అంటే ఒక స్వరం నుంచి మరో స్వరానికి జారడం, ఊగడం. జంట తీగలను మెట్ల మీద లాగి ఊపడం కష్టం. ధ్వని వెంటనే ఆరిపోతే ఊపడానికి మిగిలేదేముంది? శ్రీనివాస్ కరెంటు మాండలిన్ తీసుకుని, జంట తీగలు మాని, ఐదు ఒంటి తీగలు పెట్టుకున్నాడు. దాంతో నాదం నిలిచింది, తీగ లొంగింది, గమకం పలికింది. పరదేశపు వాయిద్యం మన రాగానికి దారికొచ్చింది.

అందరికీ అంత సులువుగా దారి దొరకలేదు. మన పద్యనాటకాలకు ప్రాణమైన హార్మోనియాన్ని గమకం పలకదన్న కారణంతో ఆకాశవాణి 1940 నుంచి 1971 వరకు బయటే ఉంచింది. పియానోకూ అదే చిక్కు. మెట్టు నొక్కితే స్వరం పలుకుతుంది కాని ఊగదు. అయినా పాశ్చాత్యులు రెండు పియానోలను ఎదురెదురుగా పెట్టి వాయించడానికే ప్రత్యేకంగా సంగీతం రాసుకున్నారు. మోజార్ట్ 1781లో అలాంటి సొనాటా ఒకటి రాశాడు. రాడు లూపు, మరే పెరాయా కలిసి వాయించిన దాని రికార్డుకు మంచి పేరుంది. రెండు పియానోల రికార్డు ఎంచేవాళ్లకూ, రెండు మాండలిన్ల రికార్డు ఎంచేవాళ్లకూ వచ్చే ప్రశ్న ఒకటే. రెండింటి గొంతూ ఒకటే అయినప్పుడు ఎవరు ఏది వాయిస్తున్నారో వినేవాడికి తెలుస్తోందా, లేదా?

ఇక ఎంపిక. నేను నాలుగు పరీక్షలు పెడతాను.

మొదటిది పేర్ల పరీక్ష. ఇద్దరి పేర్లూ ఉన్నాయా? మృదంగం, ఘటం వాయించిన వారి పేర్లున్నాయా? "మాండలిన్ శ్రీనివాస్ హిట్స్" అని రాసి, పక్కన ఎవరు వాయించారో, ఏ ఊళ్లో, ఏ ఏడాది వాయించారో రాయని ఫైళ్లు ఫోన్లలో బోలెడు తిరుగుతుంటాయి. అలాంటివి మనకొద్దు. రెండోవాడి పేరు రాయని చోట రెండోవాడి వాద్యాన్ని కూడా శ్రద్ధగా రికార్డు చేసి ఉంటారని నేను అనుకోను.

రెండోది చెవుల పరీక్ష. హాస్టల్లో ఒక ఇయర్‌ఫోన్‌ను ఇద్దరు పంచుకోవడం మనకు కొత్త కాదు. ఒకడి కుడి చెవికి ఒకటి, ఇంకొకడి ఎడమ చెవికి ఒకటి. జంట వాయిద్యాల రికార్డుకు ఇంతకన్నా మంచి పరీక్ష లేదు. కుడి ఎడమలు బాగా విడదీసి రికార్డు చేసినదైతే ఒకడికి ఒక మాండలిన్ దగ్గరగా, ఇంకొకడికి రెండోది దగ్గరగా వినిపిస్తుంది. ఇద్దరికీ ఒకేలా వినిపించి, అంతా ఒకే ముద్దగా ఉంటే అది జంట కచేరీ రుచి చూపించలేదు. అందుకే ఒక్క పెద్ద స్పీకరు వద్దు, రెండు చిన్నవి కొని గదికి ఆ మూల ఒకటి, ఈ మూల ఒకటి పెట్టాలని పట్టుబట్టాను.

మూడోది నిదానం పరీక్ష. మాండలిన్ రికార్డు అనగానే అందరూ వేగం చూసి మురిసిపోతారు. చివరి స్వరాల్లో ఇద్దరూ పోటీపడి పరుగెత్తుతుంటే ఒళ్లు జలదరిస్తుంది, నిజమే. కాని వాయించేవారి సత్తా తెలిసేది మొదటి ఐదు నిమిషాల ఆలాపనలో. అన్న ఒక స్వరం మీద ఆగినప్పుడు తమ్ముడు తొందరపడకుండా ఊరుకున్నాడా? తన వంతు వచ్చినప్పుడు అన్న చెప్పిందే అప్పజెప్పాడా, లేక తన మాట ఒకటి కలిపాడా? ఇది కనబడే రికార్డు ఎంచండి. ఆలాపన కోసేసి చివరి పరుగు మాత్రమే ఉంచిన ముక్కలు వద్దు. అన్నం మానేసి అప్పడాలు మాత్రం తిన్నట్టుంటుంది.

నాలుగోది నిడివి పరీక్ష. తొలి వారమే గంటన్నర రాగం తానం పల్లవి పెడితే గది ఖాళీ అవుతుంది. ఎనిమిది, పది నిమిషాల కృతితో మొదలుపెట్టాలి. మోహన, హిందోళం, కల్యాణి లాంటి రాగాలైతే సినిమా పాటల వల్ల చెవికి ముందే పరిచయం. నెల గడిచాక అరగంటవి, ఏడాది గడిచాక పెద్దవి. ఫ్యూజన్ కూడా ఉండనివ్వండి. జాన్ మెక్‌లాఫ్లిన్, జాకిర్ హుస్సేన్‌లతో శ్రీనివాస్ వాయించిన 'శాటర్‌డే నైట్ ఇన్ బాంబే' (2001) పెడితే జాజ్ ఇష్టపడేవాళ్లూ వస్తారు. కాని అదొక్కటే విని శ్రీనివాస్‌ను విన్నామనుకోవద్దు.

మాండలిన్ తర్వాత నా ఓటు జంట సన్నాయికి. ఊపిరితో వాయించే వాయిద్యం కనుక ఒకరు ఊపిరి తీసుకునేటప్పుడు రెండోవారు నాదాన్ని తెగనివ్వకుండా పట్టుకుంటారు. ఒకరికొకరు ఊతమన్న మాట అక్కడ అక్షరాలా నిజం. ప్రకాశం జిల్లా కరవది నుంచి వెళ్లి శ్రీరంగంలో స్థిరపడిన షేక్ చినమౌలానా గారు సన్నాయిలో మహావిద్వాంసులు. ఆయన శిష్యులైన షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ దంపతులు జంటగా వాయిస్తారు. 2020లో పద్మశ్రీ ఇద్దరి పేర్లతో ఒకే పురస్కారంగా వచ్చింది. భార్య పేరు వెనక్కి పోలేదు. నా మొదటి పరీక్షలో వారికి నూటికి నూరు.

సన్నాయి విషయంలో మనం ఇంకొకటి గుర్తుంచుకోవాలి. మన తాతల కాలంలో గుడి గడప మనవాళ్లకు లేదు. మన జిల్లాలు అప్పుడు మద్రాసు రాష్ట్రంలో ఉండేవి. ఆలయ ప్రవేశాన్ని హక్కుగా చేసిన చట్టం 1947లో గాని రాలేదు. కచేరీ సభలకు టికెట్టు కొనే స్తోమత అంతకన్నా లేదు. అలాంటి రోజుల్లో వీధిలోకి వచ్చిన శాస్త్రీయ సంగీతం సన్నాయి ఒక్కటే. రథం వెంట, పెళ్లి ఊరేగింపు వెంట నడిచి వచ్చేది. ఏ పేటలో ఎవరు వింటున్నారో గాలి అడగదు. వాయించినవాళ్లూ పెద్ద కులాల వారు కారు. ఎక్కువమంది మంగళ్లు, దూదేకుల వారు, ముస్లింలు. కాబట్టి "ఈ సంగీతం మనది కాదు" అనే ముందు ఒక్కసారి ఆలోచించాలి. మన పెద్దలు దూరం నుంచి విన్నదాన్ని మనం దగ్గర కూర్చుని వింటే తప్పేముంది?

"మన డప్పు మాటేమిటి?" అని అడిగే మిత్రులకు నా జవాబు: డప్పు కూడా కార్డులో ఉండాలి, అదే వరసలో ఉండాలి. డప్పు దళంలో ఒకరు దరువు వేస్తే ఇంకొకరు అందుకోవడం మీకందరికీ తెలుసు. అదీ జంట సంగీతమే. డప్పును విడిగా "జానపదం" అన్న అరలో పెట్టి, మాండలిన్‌ను "శాస్త్రీయం" అన్న అరలో పెట్టడం నాకు ఇష్టం లేదు. రెండింటినీ పక్కపక్కన పెట్టి వినండి.

ఇంకో మాట కూడా వినబడుతుంది. సంగీతం వింటే మార్కులు పెరుగుతాయట. ఇది పుట్టిందే ఆ రెండు పియానోల సొనాటా నుంచి. 1993లో అమెరికాలో కొందరు కాలేజీ విద్యార్థులకు దాన్ని పది నిమిషాలు వినిపించి పరీక్ష పెడితే, ఆకారాలను మనసులో ఊహించుకునే లెక్కల్లో కొంచెం మెరుగ్గా చేశారు. ఆ ఫలితం పది పదిహేను నిమిషాలకు మించి నిలవలేదు. తర్వాతి పరిశోధనల్లో అదీ చాలావరకు తేలిపోయింది. ఈలోపు 1998లో జార్జియా గవర్నరు ప్రతి పసిబిడ్డకూ సంగీతం సీడీ ఇస్తానన్నాడు! మనం అలాంటి ఆశలు పెట్టుకోవద్దు. మార్కులు స్టడీ అవర్లో వస్తాయి. స్పీకర్లు స్టడీ అవర్లో మూసి ఉంచాలన్న వార్డెన్ గారి షరతు న్యాయమైనదే.

మరి మార్కులకు పనికిరానిది మనకెందుకు? బాబాసాహెబ్ అంబేడ్కర్ పెద్ద వయసులో, అన్ని బాధ్యతల మధ్య, వయొలిన్ నేర్చుకోవడానికి కూర్చున్నారు. ఏ పరీక్ష రాయడానికి? మంచి అన్నం, మంచి చదువు, మంచి ఉద్యోగం మన హక్కు అంటున్నప్పుడు మంచి సంగీతం కూడా మన హక్కే. హాస్టల్ పిల్లలకు ఏదో ఒకటి చాలులే అన్న మాటను మెస్‌లో ఒప్పుకోం కదా, మెమరీ కార్డు విషయంలో మాత్రం ఎందుకు ఒప్పుకోవాలి?

నా సూచనలు ఇవి. ప్రతి ఆదివారం సాయంత్రం ఇరవై నిమిషాలు, ఒకే ఒక్క రికార్డు. స్పీకర్ల పక్కన ఒక నోటుబుక్కు. అందులో ఆ రోజు వాయించిన ఇద్దరి పేర్లు, పక్క వాయిద్యాల వారి పేర్లు, రాగం పేరు ఒక తమ్ముడు రాయాలి. వచ్చే ఆదివారం ఏది పెట్టాలో ఆ తమ్ముడే నిర్ణయించాలి. మేం కార్డు ఇస్తాం గాని ఎంపిక మీదే. సగం కార్డు ఖాళీగానే ఇద్దామని మిత్రులను అడుగుతున్నాను. మిగతా సగం మీరు నింపండి, ఏ పేరూ వదలకుండా రాసుకుని నింపండి.

అందరికీ వార్షికోత్సవ శుభాకాంక్షలు.

— ఒక పూర్వ విద్యార్థి